చప్పుడు లేని నీళ్లు

వెనుక గుర్రాల డెక్కల మోత. ముందు అడుగు కనిపించని అగాధం. ఆ రెంటి నడుమ భుజాన వడ్రంగి సంచీతో పరుగెత్తుతున్నాడు కేయూరబాహుడు.

వేషానికి వడ్రంగే గాని అతడు రత్నగోపురం రాజ్యానికి యువరాజు. అతడు పొత్తిళ్లలో ఉండగానే ఉల్కాక్షుడనే మాంత్రికుడు కోటను మాయతో వశం చేసుకున్నాడు. తండ్రి మణికేతు మహారాజును ఉత్తరాన అగ్గికొండ గుహలో బంధించి తానే సింహాసనం ఎక్కాడు. ఆ తండ్రిని విడిపించడానికే ఇప్పుడీ ప్రయాణం. పొలిమేర ఠాణా దాకా వడ్రంగి వేషం చక్కగానే నప్పింది. అక్కడ ఒక భటుడు దారిన పోయే ముసలివాడి మీద కొరడా ఎత్తాడు. మనవాడు ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. కొరడాను గాలిలోనే ఒడిసిపట్టి లాగేశాడు. వడ్రంగి చేతికి అంత ఒడుపు ఎక్కడిదని దళపతికి అనుమానం వచ్చింది. ఆ అనుమానమే ఇప్పుడు గుర్రాలెక్కి వెంటపడుతోంది.

అగాధం అంచున ఒక మర్రిఊడ లాంటి అడవితీగ వేలాడుతోంది. కేయూరబాహుడు ఆగలేదు, ఆలోచించలేదు. ఎగిరి తీగను పట్టుకున్నాడు. కింద నురగలు కక్కే వాగు ఒక్క క్షణం వెండిపోగులా మెరిసి మాయమైంది. అవతలి గట్టు మీద కాళ్లు ఆనీ ఆనగానే సంచీలోంచి బాడిశ తీసి తీగను ఒక్క వేటుకు తెంచాడు. ముందున్న గుర్రం అంచున నిలబడి ముందుకాళ్లు పైకెత్తింది. దాని మీది దళపతి తలపాగా ఎగిరి అగాధంలో పడింది. తల దక్కినందుకు అతడు సంతోషించాలి.

భటులు తిట్టుకుంటూ మూడు రోజుల చుట్టుదారి పట్టారు. కేయూరబాహుడు గుట్ట ఎక్కి అవతలి వైపు చూశాడు. చూసి కదలలేకపోయాడు.

గోరింట కొండలు! పడుకున్న ఆవుల వీపుల్లా ఒకదాని వెనుక ఒకటి వరుసతీరిన ఎర్రని కొండలు. వాటి మధ్య ఎత్తున, రాతి గిన్నెలో పోసినట్టు నీలంగా నిండిన పాలమడుగు. ఆ గిన్నె అంచుకు ఇవతల దిగువన పచ్చిక లోయ, లోయలో తాటాకు గుడిసెల మందగూడెం. పసికందుగా ఉన్న తనను మంత్రి వెన్నకుండల కావడిలో దాచి తెచ్చి అప్పగించింది ఇక్కడే. మందపెద్ద బీరయ్య, అతడి భార్య కొమరవ్వ కన్నకొడుకులా పెంచింది ఇక్కడే. పదేళ్ల వయసులో గురువు వచ్చి విలువిద్యకని తీసుకుపోయేటప్పుడు, వెనక్కి చూడకు బిడ్డా, చూస్తే కాలు కదలదు అని కొమరవ్వ చెప్పింది. అతడు చూడలేదు. చూడనందుకు ఇన్నేళ్లూ బాధపడుతూనే ఉన్నాడు.

రాజభోగాలు అతడు ఎరగడు గనుక కలలోకి ఎప్పుడూ మేడలు రాలేదు. సాయంకాలం మంద ఇంటికి తిరిగేటప్పుడు లేచే ఎర్రదుమ్ము వచ్చేది. మెడగంటల గలగల వచ్చేది. సెగ తగ్గని జొన్నరొట్టె మీద వెన్నముద్ద కరిగి వేళ్ల సందుల్లోంచి మోచేతి దాకా కారిపోవడం, దాన్ని నాకుతూ ఉంటే బీరయ్య నవ్వడం వచ్చేది. అగ్గికొండకు ఈ దారి దగ్గర కాదు సరికదా, దూరం కూడా. అయినా కాళ్లు ఇటే తిరిగాయంటే ఆ తప్పు కాళ్లది కాదు.

ఇప్పుడు ఆ లోయలో దుమ్ము లేదు. గంటల చప్పుడూ లేదు. ఆవులు, బర్రెలు, గొర్రెలు నాలుకలు బయటపెట్టి ఎండలోనే కూలబడి ఉన్నాయి. డొక్కలు ఎగసిపడుతున్నాయి. పైన నిండుకుండలా మడుగు, కింద దాహంతో చస్తున్న మంద! కేయూరబాహుడికి ఏమీ అర్థం కాలేదు. మడుగు వైపు పరుగున దిగబోయాడు.

వెనుక నుంచి ఎవరో అతడి నోరు గట్టిగా మూసి కిందకు లాగారు.

"కాలు సప్పుడు చెయ్యకు. సచ్చిపోతవ్," అని చెవిలో గుసగుసలాడాడు ఆ మనిషి.

తిరిగి చూస్తే ఓదెన్న! కొమరవ్వ చెల్లెలి కొడుకు, తనతో కలిసి ఉట్టి మీది వెన్న దొంగిలించి, పట్టుబడితే తన మీదకు నెట్టిన మహానుభావుడు. కనుబొమ మీద ఆ మచ్చ తన వడిసెల రాయి చేసిందే. ఆలింగనం చేసుకోబోయిన చేతులను కేయూరబాహుడు బలవంతాన ఆపుకున్నాడు. తాను ఎవరో తెలిస్తే ఈ గూడెం మొత్తానికీ ముప్పు.

"వడ్రంగిని అన్నా. దప్పికై మడుగు దగ్గరకు పోతున్నాను," అన్నాడు మెల్లగా.

"దప్పికైతే సావాల్నా? ఉల్కాక్షుడు పోయిన అమాస నాడు ఆ మడుగుల చేటచెవుల రక్కసిని తెచ్చి పడేసిండు. అది గుడ్డిది. కాని చెవులు చేటలంత. నీళ్లకాడ గిట్ట సప్పుడైనా, కుండ ముంచిన సప్పుడైనా, ఒక్క గుక్క మింగిన సప్పుడైనా లేస్తది. లేసిందంటే ఇంక చెప్పేటందుకు మనిషి మిగలడు. వాగులన్ని ఎండబెట్టిండు వాడు. ఉన్నది గా ఒక్క మడుగే."

"ఎందుకింత పగ?"

"రాజు కొడుకును మేం దాచినమని అనుమానం. ఎక్కడున్నడో చెప్పుమంటడు. మాకేమెరుక? తెలిసినా చెప్తమా?" ఓదెన్న మడుగు వైపు చూశాడు. "మొదటి దినమే మా పెద్దయ్య బీరయ్య పోయిండు. లేగదూడ ఒకటి నీళ్లకాడికి ఉరికితే ఎనక్కి మలుపుదామని పోయిండు. దూడ వచ్చింది. ఆయన రాలే."

కేయూరబాహుడు తల దించుకున్నాడు. దారిన పోయే వడ్రంగికి ఎవరో మందపెద్ద చనిపోతే ఏడుపు ఎందుకు రావాలి? రాకూడదు. కానీ వచ్చింది. కంట్లో దుమ్ము పడిందని చెప్పి గుడ్డతో తుడుచుకున్నాడు.

గూడెంలో కొమరవ్వ గుడిసె ముందే కూర్చుని ఉంది. జుట్టు ముగ్గుబుట్ట అయింది. చూపు మాత్రం అదే చూపు. వచ్చినవాడు ఎవరని అడగకముందే లేచి, కుండ అడుగు గీకి, దొప్పెడు నీళ్లు తెచ్చి చేతికిచ్చింది. వాకిట్లోకి వచ్చినవాడికి నీళ్లియ్యకుండా మాట్లాడటం ఆ గూడెంలో లేదు, చచ్చే రోజు వచ్చినా లేదు. కేయూరబాహుడు పెదవులు మాత్రం తడిపి, తాగినట్టు గుటక వేసి, దొప్ప వెనక్కి ఇచ్చాడు.

"ఏ ఊరు నాయినా?" అంది కొమరవ్వ.

"దక్షిణాన తామ్రపల్లె. కొయ్యపని చేసుకునేవాణ్ణి."

"మంచిది. ఎండ తగ్గినంక బయలెల్లు. ఈడ ఉండకు," అంది ఆమె అతడి ముఖంలోకే చూస్తూ. "రక్కసి కండ్లు ఉల్కాక్షుడే పీకి భరిణెల దాసిండంట. రాజు కొడుకును పట్టి తెచ్చిననాడు మళ్ల పెడతనన్నడంట. ఆ పిలగాని పేరు ఒక్కసారి చెవున పడ్డదా, అది ఇంక దేన్నీ ఇడిచి ఆని ఎనకనే పడ్తది. లోకం ఆ చివరిదాంక పోయినా ఇడువది. అందుకనే మేం ఆ పేరు నోట తేం."

ఆ మాట తనకే చెబుతోందేమోనని కేయూరబాహుడికి ఒక క్షణం అనిపించింది. కాదులే, ఈ గడ్డాన్నీ ఈ జబ్బల్నీ చూసి పదేళ్ల పిల్లవాణ్ణి ఎవరు పోల్చుకుంటారు అని సర్దిచెప్పుకున్నాడు.

మంద ఇంకో రెండు రోజులకు మించి ఓర్వదు. అది చూస్తేనే తెలుస్తోంది. తండ్రి గుహలో ఇన్నేళ్లు ఓర్చాడు, ఇంకో వారం ఓర్చగలడు. కేయూరబాహుడు సంచీ దించాడు.

"అవ్వా, నీళ్లను చప్పుడు లేకుండా కిందకు దింపితే?"

ఓదెన్న ఫక్కున నవ్వబోయి నోరు మూసుకున్నాడు. "నడుమ రాతి అంచు ఉన్నది, కనబడతలేదా? ఇద్దరు మనుషుల ఎత్తు. గడ్డపార వేస్తే రక్కసి లేస్తది. నీళ్లు ఆ గట్టెక్కి దిగుతయా వడ్రంగీ? కాళ్లు మొలిచినయా నీళ్లకు?"

"మొలిపిద్దాం," అన్నాడు కేయూరబాహుడు.

ఆ విద్య అతడికి గురుకులంలో అబ్బింది కాదు. చిన్నప్పుడు ఇదే వాకిట్లో బీరయ్య ఒక పొడవాటి బొంగును నీటితో నింపి, రెండు కొనలూ వేళ్లతో మూసి, ఒక కొన ఎత్తున ఉన్న కుండలో ముంచి, రెండో కొన దిగువన ఉన్న తొట్టిలో పెట్టి వేళ్లు తీసేవాడు. కుండ అంచు ఎక్కి, దిగి, నీళ్లు తొట్టిలోకి జారుకునేవి. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. బొంగులో గాలి దూరనంతకాలం నీళ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నడుస్తాయిరా, గాలి దూరిందా తోక వదిలేస్తాయి అనేవాడు ఆయన. మేకపిల్లల తొట్టికి ఆయన ఒక ఎండిన సొరబుర్ర కూడా అమర్చాడు. తొట్టి నిండితే బుర్ర తేలి, దానికి కట్టిన కొయ్యబిరడాను బొంగు మూతిలోకి నొక్కేది. మేకపిల్లలు తాగితే బుర్ర దిగేది, బిరడా వదులయ్యేది, మళ్లీ నీళ్లు వచ్చేవి. మేకపిల్లలకు బుద్ధి లేకున్నా బుర్రకు ఉన్నదిరా అని ఆయన నవ్వేవాడు. ఆ ఆటబొమ్మనే ఇప్పుడు మందకంతటికీ సరిపడా కట్టాలి.

గూడెం గూడెమంతా మాట లేకుండా కదిలింది. రెండు కొండల అవతల, చప్పుడు మడుగుకు చేరని తావులో, వెదురు నరికారు. ఎర్రగా కాల్చిన ఇనుపకడ్డీతో బొంగుల లోపలి కణుపులను తొలిచారు. ఒక బొంగు కొనను మరో బొంగు మొదట్లోకి దూర్చి, గుగ్గిలం, మైనం కలిపి కాచి పూసి, దాని మీద నానబెట్టిన పచ్చి మేకతోలు బిగించి చుట్టారు. తోలు ఎండుతూ ఎండుతూ బిగుసుకుని ఉడుంపట్టు పట్టింది. కేయూరబాహుడు తాటిమొద్దులను నడిమికి చీల్చి మంద నీళ్లు తాగే దోనెలు తొలిచాడు. బాడిశ పడినచోటల్లా తాటిపీచు వాసన. ఆ వాసనకు అతడి వయసు సగానికి తగ్గిపోయింది. రొట్టె తెచ్చి పక్కన పెట్టిన కొమరవ్వ, పోకుండా చాలాసేపు అక్కడే నిలబడి పని చూసింది.

దోనెలను లోయలో మెట్లుమెట్లుగా పేర్చారు. పైది నిండితే పక్కగాడి గుండా కిందిదానిలోకి నీరు జారేలా గండ్లు కోశారు. మొదటి దోనెకు పెద్ద సొరబుర్ర అమర్చారు. బొంగు మూతి కింద, గాడి గాడికీ గొర్రెబొచ్చు దట్టంగా పరిచారు. నీళ్లు బొచ్చులోంచి ఇంకుతూ వస్తాయి గాని బొళబొళమని పడవు.

ఇక మిగిలింది అసలు పని. రెండు కొనలకూ బిరడాలు బిగించి బొంగును ముందు నింపాలి. నింపడానికి నీళ్లు కావాలి!

కొమరవ్వ తన గుడిసెలోకి పోయి, అడుగున కాసిని నీళ్లు మిగిలిన ఆఖరి కుండ తెచ్చింది. రాతి అంచు మీద, బొంగు అన్నింటికన్నా ఎత్తుగా ఉన్నచోట వేసిన రంధ్రంలో ఒక ఆవుకొమ్మును గరాటులా దూర్చి, ఆ నీళ్లు పోసింది. ఆమె వెనుక ఒక బాలింత వచ్చింది. ఆమె వెనుక ముసలివాళ్లు వచ్చారు. ప్రతివాళ్లూ తమ ఇంటి ఆఖరి చుక్క తెచ్చి, ఊరూ పేరూ తెలియని ఒక వడ్రంగి మాట నమ్మి, ఒక వెదురుబొంగులో పోశారు. ఒక్క అతుకు వదులైనా అందరి ప్రాణాలూ ఇసుకలో ఇంకిపోతాయి. కేయూరబాహుడు యుద్ధానికి ఎన్నడూ భయపడలేదు. ఆ నీళ్లు పోస్తున్న చేతులను చూసి భయపడ్డాడు.

అందరూ పోశారు. బొంగు నిండలేదు. జానెడు వెలితి.

గాలి ఉంటే నీళ్లు తోక వదిలేస్తాయి. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఓదెన్న మాత్రం ఆకాశం వైపు చూశాడు. కొమరవ్వకు అది చాలింది. అతడి చెవి పట్టుకుని మెలిపెట్టింది. ఓదెన్న ఏడుపుమొహంతో గుట్ట చాటుకు పోయి, దాచుకున్న ఈతకల్లు ముంత తెచ్చాడు.

"నా పానం పోస్తున్న," అని గొణిగాడు.

జానెడు వెలితి కల్లుతో నిండింది. రంధ్రాన్ని మైనంతో మూసి తోలు చుట్టారు.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం అయింది, రక్కసి మడుగు అడుగున పడుకునే వేళ. కేయూరబాహుడు చెప్పులు విడిచి, బొంగు కొనను భుజానికెత్తుకుని, ఇసుకలో పిల్లిలా దిగాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అద్దం అడుగున ఆమె ఉంది! నాచులా పరుచుకున్న జుట్టు, తాటిమానంత చేతులు, కళ్లు ఉండవలసిన చోట రెండు చీకటి గుంటలు. చేటలంత చెవులు ముఖం మీద ముడుచుకుని ఉన్నాయి. ఒక చేపపిల్ల ఈదుతూ వచ్చి ఆ చెవి అంచును తాకింది. చెవి చటుక్కున కదిలింది. కేయూరబాహుడు కాలు ఎత్తినవాడు ఎత్తినట్టే కొంగలా నిలబడిపోయాడు. చేప తన దారిన తాను పోయింది. చెవి మళ్లీ ముడుచుకుంది.

బొంగు కొనను ఏటవాలుగా, వెంట్రుకంత వెంట్రుకంత చొప్పున నీటిలోకి దించాడు. బిరడాకు కట్టిన దారం పట్టుకుని వెనక్కి వెనక్కి జరిగి, గట్టు చాటుకు చేరాక లాగాడు. బిరడా ఊడింది. దాంతోపాటు ఒకే ఒక్క బుడగ పైకి తేలి పగిలింది.

"టిప్!"

రెండు చెవులూ ఒక్కసారి విచ్చుకున్నాయి. కేయూరబాహుడు ఊపిరి బిగబట్టాడు. చాలాసేపటికి, కప్ప అనుకుందో ఏమో, చెవులు మెల్లగా వాలాయి.

కింద ఓదెన్న రెండో బిరడా తీశాడు. గొర్రెబొచ్చు తడిసింది. ముదురు రంగుకు తిరిగింది. దాని సందుల్లోంచి నీళ్లు, అలికిడి లేకుండా, ఎవరో దుప్పటి పరిచినట్టు దోనె అడుగున పరుచుకున్నాయి. నడుమ వచ్చిన ఒక దోసెడుకు కల్లు వాసన కొట్టింది. ఓదెన్న దాన్ని వృథా పోనియ్యలేదు. దోనె నిండింది. సొరబుర్ర తేలింది. బిరడా బొంగు మూతిని నొక్కింది. నీళ్లు ఆగాయి. గాడి తెరిచి కిందిదానిలోకి విడిస్తే బుర్ర దిగింది, మళ్లీ వచ్చాయి. గూడెంలో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు.

ఇక మందను వదలాలి. మెడగంటలు ఎప్పుడో విప్పేశారు. గిట్టలకు పీలికలు చుట్టారు. అప్పుడు కొమరవ్వ పాత చీర చింపి, పేలికలు చేసి, గూడెంలో ప్రతి మనిషి నోటికీ తానే గట్టిగా కట్టడం మొదలుపెట్టింది. ముసలివాళ్లను వదల్లేదు, తనను తాను కూడా వదలలేదు. ఎందుకంటే మందవాళ్ల సంగతి ఆమెకు తెలుసు. పశువు మూతి నీటికి ఆనిందా, మందవాడి నోటివెంట సన్నని ఈల వచ్చి తీరుతుంది. ఎందుకు వేస్తావని అడిగితే చెప్పలేడు. తాత వేశాడు, తండ్రి వేశాడు, తానూ వేస్తాడు. మానుకోమంటే రెప్ప వేయడం మానుకోమన్నట్టే.

ఓదెన్న ఒక పేలిక తెచ్చి కేయూరబాహుడికి చూపాడు. కేయూరబాహుడు చేయి అడ్డం ఊపాడు. తాను వడ్రంగి కదా! కొయ్య చెక్కుకునేవాడికి పశువుకు ఈల వేసే అలవాటు ఎక్కడిది? కట్టించుకుంటే మందలో పుట్టి పెరిగినవాడినని ఒప్పుకున్నట్టే అవుతుంది. ఆ తెలివికి మెచ్చుకోవలసిందే. తన నోటిని తాను ఎరగకపోవడం ఒక్కటే లోపం.

మంద వచ్చింది. తోసుకోవడానికి కూడా ఓపిక లేని పశువులు దోనెల వెంట బారులు తీరాయి. మూతులు వంచాయి. పెదవులు ముంచి పీల్చే పశువుకు పైన మడుగు దాకా వినిపించేంత చప్పుడు ఉండదు, నాకే కుక్కలను ముందే దూరంగా కట్టేశారు. గొంతుల కింద చర్మం అలలుగా కదులుతోంది. బుర్ర దిగుతోంది, తేలుతోంది, దిగుతోంది.

ఒక్క ఆవు మాత్రం తాగలేదు. కొమ్ము విరిగిన ముసలి కర్రావు, ఒళ్లంతా నలుపు. నీటిని వాసన చూసి, తల ఎత్తి, కేయూరబాహుడి వైపు చూసింది. లేగగా ఉన్నప్పుడు తల్లి చచ్చిపోతే తాను గుడ్డ తడిపి పాలు పట్టినది అదే. ఎవరైనా ఈల వేస్తే తప్ప మూతి దించనని మొరాయించే పాత పెంకితనం దానిది. ఆ పెద్ద నల్లని కళ్లలో దాహం ఉంది. తాగు తల్లీ, తాగు అని అతడు లోలోపల బతిమాలాడు. అది చూస్తూనే ఉంది.

అతడి పెదవులు వాటంతట అవే ముడుచుకున్నాయి. సన్నగా మొదలై, నడుమ రెండు వంపులు తిరిగి, చివర జాలిగా సాగే ఈల. బీరయ్య ఈల!

కర్రావు మూతి దించి తాగింది. గూడెం గూడెమంతా అతడి వైపు తిరిగింది. పైన మడుగు రెండుగా చీలింది.

నీళ్లు ఆకాశానికెగసి కొండల మీద వానలా కురిశాయి. రాతి అంచు మీద రక్కసి నిలబడింది. చెవులు అటూ ఇటూ తిరిగి లోయ వైపు నిలిచాయి. తన తప్పు తనకు తెలిసిన మరుక్షణమే కేయూరబాహుడు పరుగందుకున్నాడు. మందకు దూరంగా, ఉత్తరపు గుట్టల వైపు, ఈల మీద ఈల వేస్తూ! రక్కసి అటు దూకింది. ఆమె పాదం పడినచోట బండలు పిండి అవుతున్నాయి. అతడు ఒక రాతి నుంచి ఇంకో రాతికి ఎగిరాడు. ఆమె విసిరిన చెట్టు నెత్తి మీదుగా పోయి ముందు పడింది. దాని కొమ్మల కిందుగా దూరి అవతల తేలాడు. ఈల ఆపలేదు. ఈల వినిపిస్తున్నంతసేపూ ఆమె ఇటే వస్తుంది. ఆమె ఇటు వస్తున్నంతసేపూ మంద తాగుతుంది.

కానీ రెండు రోజులుగా ఆ నోట చుక్క నీరు పడలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది. మూడో గుట్ట ఎక్కేసరికి పెదవులు పగిలి రక్తం చిమ్మింది. ఊదితే గాలి వచ్చింది గాని ఈల రాలేదు.

రక్కసి ఆగింది. చెవులు మెల్లగా వెనక్కి, లోయ వైపు తిరిగాయి. అక్కడ పీలిక ఊడిన ఏదో దూడ గిట్ట రాతికి తగిలింది.

అప్పుడు తూర్పు గుట్ట మీద ఖంగుమని మోగింది. కేయూరబాహుడు అటు చూశాడు. కొమరవ్వ! నోటి పేలిక పీకి పారేసి, ఖాళీ ఇత్తడి బిందెను బండరాయితో బాదుతోంది.

"రా! ఇటు రా! నా పెనిమిటిని మింగినవు, నన్ను గూడ మింగు రా!" అని అరుస్తోంది.

రక్కసి ఒక్క అంగలో సగం దూరం పోయింది. రెండో అంగకు ఆమె చేయి గుట్ట మీదకు చాచుకుంది. కొమరవ్వ బిందె వాయించడం మానలేదు, పక్కకు జరగనూ లేదు.

బాణం లేదు, కత్తి లేదు, ఈల లేదు. అతడి దగ్గర మిగిలింది ఒక్కటే. ఇన్నేళ్లు దాచుకున్నది. అది పలికితే ఈ రక్కసి ఇక జన్మలో తనను వదలదు. ఉల్కాక్షుడికి కబురు క్షణంలో చేరుతుంది. వేషం, దొంగదారి, తండ్రిని ఎవరికీ తెలియకుండా విడిపించాలన్న ఆశ అన్నీ ఇక్కడే ముగిసిపోతాయి.

"ఓ రక్కసీ!" కొండలు మారుమోగేలా అరిచాడు. "ఆ ముసలమ్మతో నీకేం పని? నీ కండ్లు కావాల్నా? నేనే మణికేతు కొడుకును! నేనే కేయూరబాహుణ్ణి!"

చాచిన చేయి గాలిలోనే ఆగిపోయింది. రక్కసి ముఖం ఇటు తిరిగింది. ఆ చీకటి గుంటల కింద నోరు వణికింది.

"నా కండ్లు," అంది. అంత పెద్ద శరీరంలోంచి వచ్చిన ఆ గొంతు దారి తప్పిన పిల్ల గొంతులా ఉంది. "నా కండ్లు!" అంటూ ఆమె పరుగెత్తింది, అతడి మీదికే.

తూర్పు గుట్ట మీద కొమరవ్వ బిందె పడేసి రెండు చేతులూ పైకెత్తింది.

"అవ్వా!" అన్నాడు కేయూరబాహుడు.

"దోనె తొలిచిననాడే ఎరుక బిడ్డా!" కొమరవ్వ కేక గాలికి ముక్కలు ముక్కలుగా వచ్చింది. "మీ అయ్య తొలిచినట్టే నాలుక బయటపెట్టి తొలిచినవ్! ఉరుకు! ఎనక్కి సూడకు! ఉరుకు!"

అతడు ఉరికాడు. అగ్గికొండ దారిన, ఆకాశం కింద దాక్కోవడానికి పొద కూడా లేని ఎర్రనేల మీద, ఇక ఏ వేషమూ లేకుండా ఉరికాడు. కానీ ఈసారి అవ్వ మాట సగమే విన్నాడు. గుట్ట మలుపులో తల తిప్పి, కళ్లారా, ఒక్కసారి వెనక్కి చూశాడు. దిగువన తాటిదోనెల వెంట మంద తలలు వంచుకుని ఉంది. ఒక్క పశువు కూడా తల ఎత్తలేదు.

రక్కసి పిడికిలి అతడి వెనుకనున్న బండను పిండి చేసింది. కేయూరబాహుడు పగిలిన పెదవులతో నవ్వుకుంటూ మలుపు తిరిగాడు.